కంది వేళ్ల క్రింది కథ

తొలకరి వానలు కురిసి నేల చల్లబడిన పిమ్మట వికారాబాదు పరిసర గ్రామములలో పిల్లలు చిన్న గంపలు పట్టుకొని పుట్టల వెంట తిరుగుట శ్రోతలలో పలువురు చూచియే యుందురు. వారు వెదకునది పుట్టగొడుగులను. పుట్టమీద మొలచిన గొడుగు గనుక అది పుట్టగొడుగు. ఆ పేరులోనే ఒక చరిత్ర ఇమిడియున్నది. చెదపురుగు ఎండుగడ్డిని, పుల్లలను కొరికి తెచ్చి, పుట్టలోపల గూళ్లుగా పేర్చును. ఆ గూళ్లమీద ఒక శిలీంధ్రమును పెంచును. గడ్డిలో తనకు అరుగని భాగమును ఆ శిలీంధ్రము మెత్తబరచి ఇయ్యగా తాను తినును. వానకాలమున ఆ శిలీంధ్రమే పుట్టను చీల్చుకొని తెల్లని గొడుగై పైకి వచ్చును. శాస్త్రజ్ఞులు దీనికి టెర్మిటోమైసిస్ అని పేరు పెట్టినారు. మన పూర్వులు సూక్ష్మదర్శిని లేకుండగనే పుట్టకును గొడుగుకును గల సంబంధమును గుర్తించి, దానిని ఒక మాటగా నిలిపినారు.

ఈ సంబంధమును శాస్త్రరీతిని మొదట వ్రాసిపెట్టినవారిలో యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ ఒకడు. తరంగంబాడిలోని డేనిష్ మిషనుకు వైద్యుడుగా వచ్చి, మన తూర్పు తీరములోని మొక్కలను, పురుగులను జీవితాంతము పరిశీలించినవాడు. పుట్టలలోని బూజుగూళ్లను చెదపిల్లలు తినునని 1779లో ప్రకటించిన వ్యాసమున ఆయన తెలిపినాడు. ఆయన 1785లో కాకినాడ జగన్నాథపురమున కన్ను మూసినాడు. నేలలోని శిలీంధ్రములను గూర్చిన శాస్త్రచరిత్రలో మన తెలుగునేలకు ఇట్లు ఒక పాత జ్ఞాపకము కలదు.

అయితే గొడుగులై పైకి వచ్చు శిలీంధ్రములు కొన్ని మాత్రమే. తక్కినవి ఎన్నడును మన కంటబడవు. వెంట్రుకకన్న సన్నని పోగులుగా అవి నేలలోనే పుట్టి, నేలలోనే వ్యాపించి, నేలలోనే నశించును. పైన ఏ మొక్క పెరుగవలెను, ఏ మొక్క కుంటుపడవలెను అను విషయములో మాత్రము వాటి పాత్ర చాల గొప్పది. అంతేకాదు, పైన మనము ఏ మొక్కను నాటినామో దానినిబట్టి క్రింద ఏ శిలీంధ్రము బలిసినదో కూడ నిర్ణయమగును. ఈ ఇచ్చిపుచ్చుకొనుటకు చక్కని ఉదాహరణము మన తాండూరు కందిచేను. ఆ చేని కథను నేటి ప్రసంగములో చెప్పదలచినాము.

సికిందరాబాదునుండి వాడికి పోవు రైలుమార్గము 1874లో వేసినారు. ఆ దారిని వికారాబాదు దాటి పడమరకు పోవువారు కిటికీలోనుండి నేలరంగు మారుటను గమనింపవచ్చును. అనంతగిరి కొండలపైన ఎర్రని మొరపు నేల. అక్కడనే మూసీనది పుట్టి తూర్పునకు హైదరాబాదు వైపు సాగును. కొండలు దిగి తాండూరు చేరునప్పటికి నల్లరేగడి, దాని క్రింద పొరలు పొరలుగా నాపరాయి. అక్కడి కాగ్నానది పడమటగా పోయి భీమానదిలో కలియును. తాండూరు బండలు ఎన్ని ఇండ్లలో పరచియున్నవో లెక్కింప తరముకాదు. బండ ఎంత ప్రసిద్ధమో కందియు అంత ప్రసిద్ధము. యాలాల ప్రాంతపు రైతుల సంస్థ చేసిన ప్రయత్నము ఫలించి, 2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు లభించినది. అక్కడి లోతైన నల్లనేల, అందులోని అట్టపుల్గైటు అను బంకమన్ను, సున్నపురాతి నిక్షేపములు కలిసి ఆ పప్పుకు ప్రత్యేకగుణమును ఇచ్చుచున్నవని ఆ గుర్తింపు సందర్భమున తెలిపినారు.

నేల యనగా రాయియు మన్నును మాత్రమే కాదు. నేలలో జీవమున్నది. ఆ జీవముతో కందికి గల స్నేహమెట్టిది, వైరమెట్టిది అని తెలిసికొనుటకు మనము నూరేండ్లకు పైబడి వెనుకకు పోవలెను.

కంది మన దేశపు మొక్క. దీనికి దగ్గరిచుట్టమైన అడవికంది ఇప్పటికిని ఒడిశాలోను, బస్తరులోను, తూర్పు కనుమలలోను మొలచుచున్నది. ఆ అడవికంది ఎన్నడును తనంత తానై నూరెకరములు ఆక్రమించి నిలువదు. గడ్డిలో, పొదలలో, ఇతర మొక్కల నడుమ అక్కడొకటి ఇక్కడొకటిగా బ్రతుకును. మనిషి దానిని చేనికి తెచ్చినప్పుడు కూడ చాలకాలము అదే పద్ధతిని పాటించినాడు. దక్కను పీఠభూమిలో జొన్నసాళ్ల నడుమ కందిసాలు వేయుట అనాదిగా వచ్చుచున్న ఆచారము. జొన్న గడ్డిజాతి మొక్క. కనుక జొన్నలో కంది వేసిన చేను, ఒకవిధముగా, మనిషి తన చేతితో నాటుకొన్న పచ్చికబయలే యని చెప్పవచ్చును. బంచరాయిలో గరికయు, బోదయు, వెంపలియు, తంగేడును కలిసి పెరిగినట్లే చేనిలో జొన్నయు, కందియు, పెసరయు, మినుమును కలిసి పెరిగినవి. మృగశిరకార్తెలో విత్తిన జొన్న శరత్కాలమున కోతకు వచ్చును. నెమ్మదిగా పెరుగు కంది ఆ పిమ్మట చోటు చిక్కి కొమ్మలు చాచి సంక్రాంతి నాటికి కాయలతో వంగును.

ఈ ఆచారములో ఎంత తెలివి దాగియున్నదో మొదట బయటపెట్టినది ఒక తెగులు. కంది పూతకు వచ్చువేళ, కాయ పట్టువేళ, నిన్నటివరకు పచ్చగా నిలిచిన మొక్క హఠాత్తుగా ఆకు వాల్చును. ఆకులు పసుపుబారును. వారము పదిదినములలో మొక్క నిలువున ఎండిపోవును. కొన్నిమార్లు ఒకవైపు కొమ్మలు మాత్రమే ఎండి రెండవవైపు పచ్చగా నుండును. మొదటినుండి పైకి కాండముమీద ఊదారంగు చార యొకటి కనబడును. బెరడు చీల్చినచో లోపల నల్లని గీతలు కనబడును. రైతులు దీనిని ఎండు తెగులందురు. తడి లేక ఎండినదేమోయని నీరు పెట్టినను ప్రయోజనముండదు. నేలలో నీరున్నను మొక్కకు అందదు.

ఎందుకు అందదో విచారించినవాడు ఎడ్విన్ జాన్ బట్లర్ అను ఐర్లండు దేశస్థుడు. 1905లో బీహారులోని పూసా గ్రామమున వ్యవసాయ పరిశోధనాలయము నెలకొల్పినప్పుడు శిలీంధ్రశాస్త్రశాఖకు ఆయన అధిపతి. కంది ఎండు తెగులును గూర్చి ఆయన 1906లో మొదట వ్రాసినాడు. అంతకు కొలది యేండ్ల ముందు అమెరికాలో పత్తి, పుచ్చ, అలసంద మొక్కలను ఎండబెట్టు ఒక శిలీంధ్రమును అచ్చటివారు వర్ణించియుండిరి. కందిని చంపునదియు అదియే కావచ్చునని మొదట తోచినది. కాని బట్లర్ అంతటితో తృప్తిపడక, శిలీంధ్రములను వేరువేరుగా పెంచి, ఆరోగ్యమైన కందిమొక్కలపై ప్రయోగించి చూచినాడు. చచ్చిన వేళ్లమీద కనబడు ఒక శిలీంధ్రము శవమును తినుటకు వచ్చినదేగాని చంపినది కాదనియు, అసలు హంతకి వేరొకటనియు తేల్చి, 1910లో దానికి ఫ్యుజేరియం ఉడుం అని నామకరణము చేసినాడు. తన తొలి ఊహను తానే పరీక్షించి దిద్దుకొన్న ఆ శాస్త్రజ్ఞుని ఓర్పు మెచ్చదగినది.

ఈ శిలీంధ్రము నేలలో వేచియుండును. కందివేరు దగ్గరకు రాగానే మేల్కొని, సన్నని వేళ్లద్వారా లోపల ప్రవేశించి, నీరు పైకి పోవు నాళములను చేరును. అక్కడ పెరిగి నాళములను పూడ్చివేయును. మరి పూడ్చుటయే కారణమా, విషము కూడ కలదా అను ప్రశ్న పుట్టినది. దీనికి దక్షిణదేశముననే గొప్ప పరిశోధన జరిగినది. మద్రాసు విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్ర ప్రయోగశాలలో ఆచార్య టి. ఎస్. సదాశివన్ నాయకత్వమున ఒక బృందము పత్తి ఎండు తెగులును చేపట్టినది. ఫ్యుజేరియము తయారుచేయు ఫ్యుజారిక్ ఆమ్లము అను విషమును గూర్చి వారు చేసిన పరిశీలన 1955 నాటికే ప్రపంచప్రఖ్యాతమైన శాస్త్రపత్రికలలో చోటు సంపాదించినది. నేలలోని శిలీంధ్రమును నేలనుండి విడదీసి చూడరాదనియు, అది ఇతర సూక్ష్మజీవుల మధ్య, మొక్కల వేళ్ల మధ్య ఎట్లు బ్రతుకుచున్నదో చూడవలెననియు ఆ ప్రయోగశాల నేర్పినది.

ఇక మన కథకు ముఖ్యమైన విషయము వచ్చినది. కందిని చంపు ఈ శిలీంధ్రము దాదాపుగా కందినే ఆశ్రయించును. జొన్న వేరును అది చంపజాలదు. కంది కోసిన తరువాత మోళ్లలో, వేళ్ల తునకలలో కొన్ని సంవత్సరములు ప్రాణము నిలుపుకొనును. అదే చేనిలో మరుసటియేడును కంది వేసినచో దానికి విందు. ఏటేట కంది వేసినచో ఏటేట దాని సంతతి పెరుగును. అనగా శిలీంధ్రము కందిని చంపుచున్నదనుట సగము సత్యమే. ఆ శిలీంధ్రమును అంతగా పెంచినది కందియే యనుట రెండవ సగము. మొక్క తన శత్రువును తన వేళ్లక్రిందనే పోషించుకొనుచున్నది.

తాండూరు దగ్గర ఒక చేని గట్టున నిలిచియున్నప్పుడు ఒక వృద్ధ రైతు మాతో అన్నమాట జ్ఞాపకమునకు వచ్చుచున్నది. “కందిమీద కంది ఏస్తే భూమికి బుగులైతది బిడ్డా. నడుమల జొన్న పడాలె.” భూమికి బెంగ పట్టుట అను ఆ మాటకు శాస్త్రజ్ఞులు పెద్దపేరు పెట్టినారుగాని, అర్థమంతయు అందులో ఉన్నది.

1972లో పటాన్‌చెరువు వద్ద ఇక్రిశాట్ అను అంతర్జాతీయ పరిశోధనాలయము ఏర్పడినది. మెట్టపంటలైన జొన్న, సజ్జ, సెనగ, వేరుసెనగలతోపాటు కందిని కూడ అక్కడ పరిశోధనకు తీసికొనినారు. వై. ఎల్. నెనె మొదలైన తెగుళ్ల శాస్త్రజ్ఞులు అచ్చట ఒక విచిత్రమైన పని చేసినారు. మంచినేలను బుద్ధిపూర్వకముగా చెడగొట్టి, ఎండు తెగులు నిండిన మడులను తయారుచేసినారు. ఆ మడులలో వేలకొలది కందిరకములను నాటి, ఏది బ్రతుకునో చూచినారు. మారుతి, ఆశ అను పేర్లతో రైతుల చేతికి వచ్చిన తట్టుకొను రకములు ఇట్టి పరీక్షలలో నెగ్గినవే. మరియొక ప్రయోగమున ఒకచోట కంది ఒక్కటే, ఒకచోట జొన్నతో కలిపిన కంది, మరొకచోట ఒకయేడు జొన్న, ఆ పైయేడు కంది, ఇట్లు వేసి సంవత్సరముల తరబడి లెక్కించినారు. 1985లో ప్రకటించిన ఫలితము చాల స్పష్టము. జొన్న తోడున్నచోటను, నడుమ ఒక యేడు జొన్న పడినచోటను ఎండు తెగులు గణనీయముగా తగ్గినది. వృద్ధ రైతు మాటకు ఇది అంకెలతో వ్రాసిన వ్యాఖ్యానము.

జొన్న ఈ పనిని ఎట్లు చేయుచున్నది? కారణములు ఒకటికి మించి కలవు. జొన్నసాళ్లు నడుమ ఉండుటచేత కందివేళ్లు ఒకదానికొకటి దూరమగును. శిలీంధ్రము వేరునుండి వేరుకు నడచుటకు దారి తెగును. రెండవది, జొన్నమొక్కలో సైనైడుకు సంబంధించిన విషపదార్థము కలదను సంగతి పశువులు కలవారికందరికి తెలియును. లేతజొన్న మేసిన పశువు కడుపుబ్బి పడిపోవుట అందువల్లనే. ఆ పదార్థము జొన్నవేళ్లనుండి నేలలోనికి స్రవించి కొన్ని శిలీంధ్రములను అణచునని దక్షిణదేశపు పరిశోధకులు 1960ల తొలిభాగమున చూపినారు. మూడవది, జొన్నవేళ్ల చుట్టు చేరు సూక్ష్మజీవుల సమూహము వేరు. అవి ఫ్యుజేరియముతో చోటుకొరకు, ఆహారముకొరకు పోటీపడును. ట్రైకోడెర్మా అను శిలీంధ్రము ఇట్టి పోటీదారులలో ఒకటి. నేడు వ్యవసాయశాఖవారు దానిని పశువుల ఎరువులో కలిపి చల్లుమని, విత్తనమునకు పట్టింపుమని సలహా ఇచ్చుచున్నది ఇందుకే. ముల్లును ముల్లుతోనే తీయుట మన సామెత. బూజును బూజుతో కట్టుట ఈనాటి పద్ధతి.

ఇంతవరకు శత్రువును గూర్చి చెప్పినాము. ఇక మిత్రుని గూర్చి చెప్పవలెను. నేలలోని శిలీంధ్రములన్నియు చంపునవి కావు. 1885లో జర్మనీలో ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ అను ఆచార్యుడు ఒక వింతను ప్రకటించినాడు. నేలలో కాచు ట్రఫుల్ అను ఖరీదైన పుట్టగొడుగును సాగుచేయుట సాధ్యమా యని ప్రష్యా ప్రభుత్వము ఆయనను విచారింపుమన్నది. ట్రఫుల్ సాగు సంగతి అటుండగా, అడవిచెట్ల వేళ్లను శిలీంధ్రములు అంటిపెట్టుకొని, రెండును ఒకే అవయవమువలె బ్రతుకుచున్నవని ఆయన కనుగొన్నాడు. శిలీంధ్రము, వేరు అను రెండు గ్రీకు మాటలను కలిపి మైకోరైజా అని పేరు పెట్టినాడు. ఆ మాటకు అంతటి గౌరవము వచ్చుటకు చాలకాలము పట్టినది. వేరునంటిన బూజు మేలుచేయుననగా నమ్మినవారు తక్కువ.

గడ్డిజాతులలోను, పప్పుజాతులలోను కనబడు మైకోరైజా వేరు తరగతిది. ఆ శిలీంధ్రము వేరుకణములలోనికే ప్రవేశించి చిన్నచెట్టు ఆకారమున కొమ్మలు చాచును. దాని పోగులు నేలలోనికి వ్యాపించి, వేరు చేరలేని సందులలోని భాస్వరమును తెచ్చి మొక్కకు ఇచ్చును. ప్రతిఫలముగా మొక్క ఎండలో తయారుచేసిన చక్కెరలో కొంత దానికి ఇచ్చును. మొక్క తోడు లేనిచో ఈ శిలీంధ్రము బ్రతుకనే బ్రతుకదు. ఇది నిన్నటి స్నేహము కాదు. స్కాట్లండులోని రైనీ అను గ్రామమున దొరికిన, సుమారు 40 కోట్ల సంవత్సరముల నాటి శిలలలో తొలి మొక్కల శరీరములందే ఈ శిలీంధ్రము అచ్చు పడియున్నది. నేలమీది మొక్కజాతులలో మూడింట రెండువంతులకు మించి నేటికిని ఈ స్నేహమును పాటించుచున్నవి. జొన్నయు అందులోనిదే, కందియు అందులోనిదే. దక్షిణ భారతమున ఈ శాస్త్రమునకు పునాది వేసినవారిలో బెంగుళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయపు ఆచార్య డి. జె. బాగ్యరాజ్ ముఖ్యులు.

శత్రువును మిత్రుడును ఒకే నేలలో కాపురముండగా పచ్చికబయలులో ఏమి జరుగును? దీనిని తెలిసికొనుటకు ఇతరదేశములలో గొప్ప ప్రయోగములు జరిగినవి. హాలెండు సముద్రపు ఇసుకదిబ్బలమీద పెరుగు ఒక గడ్డి కొన్నాళ్లకు తనంత తానే క్షీణించి, వేరొక గడ్డికి చోటిచ్చుట అచ్చటివారు చాలకాలముగా చూచుచుండిరి. ఆ గడ్డి వేళ్లక్రింద పెరిగిన సూక్ష్మశత్రువులే ఇందుకు కారణమని వాన్ డెర్ పుట్టెన్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును 1993లో చూపినారు. కెనడా పచ్చికలలో జాన్ క్లిరోనోమస్ 2002లో మరియొక సంగతి తేల్చినాడు. అరుదుగా కనబడు మొక్కలు తమ జాతి పెరిగిన మట్టిలో కుంటుపడినవి. విచ్చలవిడిగా వ్యాపించు మొక్కలు అట్లు కుంటుపడలేదు. అనగా ఒకే మొక్క బయలునంతయు ఆక్రమించకుండ నేలలోని శత్రువులే కాపలా కాయుచున్నవి. ఎవరికి ఆ కాపలా తప్పినదో వారు విజృంభించుదురు. తాండూరు చేనిలో ఎండు తెగులు చేయుచున్నదియు ఆ కాపలాయే. పచ్చికబయలులో దానిని వైవిధ్యమందుము, చేనిలో నష్టమందుము.

మిత్రుని పని మరింత చిత్రము. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రపు పచ్చికబయలులో హార్ట్‌నెట్, విల్సన్ అను ఇరువురు ఐదేండ్లపాటు మందు చల్లి మైకోరైజాను అణచి చూచినారు. అంతవరకు రాజ్యమేలిన ఎత్తైన గడ్డిజాతులు వెనుకపట్టు పట్టగా, చిన్నమొక్కలు తలయెత్తి, జాతుల సంఖ్య పెరిగినది. ఆ ఫలితము 1999లో వెలువడినది. అంతకు ఒక యేడు ముందు, 1998లో, వాన్ డెర్ హైడెన్ బృందము ప్రకటించిన ఫలితము దీనికి తలక్రిందులు. ఐరోపాలోని సున్నపునేలల పచ్చికను నమూనాగా తీసికొనగా, మైకోరైజాజాతులు పెరిగినకొద్దీ మొక్కల వైవిధ్యమును పెరిగినది. ఈ రెండింటికి పొత్తెట్లు? కాన్సాసులో శిలీంధ్రముపై ఎక్కువగా ఆధారపడినది పెద్దగడ్డి. కనుక స్నేహము బలవంతునికే బలమైనది. ఐరోపాలో ఆధారపడినవి చిన్నమొక్కలు. కనుక స్నేహము బలహీనునికి ఊతమైనది. శిలీంధ్రము మంచిదా చెడ్డదా యని అడుగరాదు. ఏ మొక్కల నడుమ, ఏ నేలలో అని అడుగవలెను.

కాన్సాసులోని ఆ పెద్దగడ్డికిని మన జొన్నకును దగ్గరి చుట్టరికమున్నదని చెప్పినచో శ్రోతలు ఆశ్చర్యపడవచ్చును. వృక్షశాస్త్రజ్ఞులు రెండింటిని ఒకే తెగలో చేర్చినారు. జొన్నయు శిలీంధ్రమిత్రుని సాయమును బాగుగా వినియోగించుకొను మొక్కయే.

జొన్నవల్ల కందికి కలుగు మేలు చూచితిమి. కందివల్ల జొన్నకు మేలు లేదా? కలదు. కందివేళ్ల బుడిపెలలోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి నేలకు చేర్చుట చాలమందికి తెలిసినదే. అంతగా తెలియనిది వేరొకటి కలదు. ఎర్రనేలలలో భాస్వరము ఇనుముతో పెనవేసుకొని, ఏ పైరుకును అందకుండ ఉండును. ఇక్రిశాట్‌లో పనిచేసిన జపాను శాస్త్రజ్ఞుడు నొరిహరు ఏ, ఆయన సహచరులు 1990లో ప్రకటించిన దానినిబట్టి, కందివేళ్లు పిసిడిక్ ఆమ్లము మొదలగు పదార్థములను స్రవించి, ఇనుమును పట్టుకొని, భాస్వరమును విడిపించును. అట్లు విడివడిన భాస్వరము కందికే కాక, ఆ నేలలో వెనుక వచ్చు పైరునకును ఉపయోగపడును. అనంతగిరి వైపు చల్కనేలలలో జొన్న, కంది జంట ఎందుకు నిలిచినదో దీనివల్ల మనకు కొంత బోధపడును. జొన్న కందికి కావలి; కంది జొన్నకు పెట్టుబడి. ఈ ఇద్దరి నడుమ బేరసారములు నడిపించునది నేలలోని సూక్ష్మప్రపంచము.

ఇంత చక్కని పొత్తు ఎందుకు సడలినది? దానికి కారణము నేలలో లేదు, మన వంటింటిలో ఉన్నది. ఒకప్పుడు ఈ ప్రాంతమున రెండుపూటల జొన్నరొట్టెయే భోజనము. నీటివసతులు పెరిగి వరి విస్తరించినది. 1983లో కిలో రెండురూపాయల బియ్యము పథకము వచ్చినది. పేదవాని కంచములో తెల్లని అన్నము కనబడుట సంతోషించదగిన విషయమే. దానిని తప్పుపట్టువారము కాము. కాని జొన్న తినువారు తగ్గినకొద్దీ జొన్న వేయువారును తగ్గినారు. జొన్న తొలగినచోట కొందరు పత్తి వేసినారు, కొందరు కందినే ఒంటిపంటగా వేసినారు. రేషను దుకాణమున జరిగిన మార్పు కందివేరు క్రింది శిలీంధ్రమువరకు ప్రాకినది. చరిత్ర యనగా రాజుల యుద్ధములు మాత్రమే కాదనుటకు ఇంతకన్న నిదర్శనమేమి కావలెను?

తట్టుకొను రకములు ఉన్నవి గదా, భయమేల యని ఎవరైన అడుగవచ్చును. ఆ రకములు రైతుకు చేసిన ఉపకారము సామాన్యమైనది కాదు. కాని ఫ్యుజేరియము కూడ ఒకే రూపమున ఉండునది కాదు. దానిలోను పలు తెగలు కలవని పరిశోధకులు గుర్తించినారు. ఒకచోట నిలిచిన రకము వేరొకచోట వాలిపోవుట అందువల్ల జరుగుచున్నది. ఒకే రకమును ఏటేట ఒకే నేలలో నాటినచో, దానిని జయింపగల తెగను మనమే ఎన్నిక చేసి పెంచినవారమగుదుము. మొక్కను మార్చిన మనిషి తెలియకుండగనే శిలీంధ్రమును మార్చుచున్నాడు. కనుక కొత్త విత్తనముతోపాటు పాత పొత్తును నిలుపుకొనుట అవసరము. తాండూరుకు ఉత్తరమున పొరుగుననే ఉన్న జహీరాబాదు ప్రాంతమున, 1983లో పుట్టిన దక్కను అభివృద్ధి సంస్థలోని మహిళలు ఒకే చేనిలో పలు పంటలు వేయుట మానలేదు. ఏటేట పాతపంటల జాతర జరిపి, విత్తనములను బండ్లపై ఊరూర త్రిప్పుచున్నారు. కనుక ఇది పుస్తకములలో మాత్రమే మిగిలిన విద్య కాదు. చేతులలో బ్రతికియున్న విద్య.

భౌగోళిక గుర్తింపు లభించిన పిమ్మట తాండూరు పప్పుకు గిరాకి పెరుగుట సహజము. గిరాకి పెరిగినప్పుడు ఉన్న ప్రతి సాలును కందితోనే నింపవలెనను ఆశయు సహజము. ఇక్కడనే మనము జాగ్రత్త పడవలెను. ఆ గుర్తింపు ఇచ్చినది గింజకు మాత్రమే కాదు, ఆ గింజను పండించిన నేలకు. బంకమన్నును, సున్నపురాతిని ఎవరును ఎత్తుకొని పోలేరు. కాని నేలలోని జీవుల తూకమును కొలది సంవత్సరములలో చెరుపవచ్చును. మరల కుదుర్చుటకు అంతకు మించిన కాలము పట్టును. నడుమ ఒక యేడు జొన్నకు విడిచిన రైతుకు ఆ యేటి కంది ధర దక్కదు. ఆ లోటు ఎవరు భరింపవలెను? రైతు ఒక్కడే భరింపవలెననుట న్యాయము కాదు. జొన్నకు తగిన ధర, జొన్న కొను ఇల్లు ఉన్నప్పుడే కందికి కావలి ఉండును.

ఈ కడపటి మాటలో శ్రోతలకును భాగము కలదు. వారమున రెండుదినములు ఇంట జొన్నరొట్టె చేసి, దానికి తోడు కందిపప్పు వండుకొనుట కష్టమైన పని కాదు. మన పెద్దలు తిన్న కమ్మని భోజనమే అది. కంచములో జొన్నయు కందియు ప్రక్కప్రక్కన ఉన్నచో చేనిలోను ప్రక్కప్రక్కన నిలుచును. చేనిలో నిలిచినచో, మనకు కనబడని ఆ సన్నని పోగులు నేలలో తమ తూకమును తాము చూచుకొనును.

వచ్చు తొలకరిలో పుట్టమీద తెల్లని గొడుగు లేచినప్పుడు పిల్లలకు దానిని చూపి, ఆ పేరు ఎట్లు వచ్చినదో చెప్పుడు. ఆ గొడుగు క్రింద ఎంత ప్రపంచమున్నదో కూడ చెప్పుడు. కందిచేని ప్రక్కన పోవునప్పుడు వారు ఒకమారు క్రిందికి చూతురు.